పోలీసు వేషానికి మనిషి లేడు

అక్టోబరు దగ్గరపడిందంటే శ్రీపతి గారు తన డెయిరీ కొట్టు షట్టరు ఎత్తకముందే చేసే మొదటి పని తుపాకికి నీళ్లు చల్లడం.

వెనకగదిలో గోడకు బిగించిన ఇనుప సేఫ్ తాళం తీసి, త్రీ నాట్ త్రీ రైఫిల్‌ను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకొచ్చి, కిటికీ పక్కన ఎండ పడే బల్ల మీద పడుకోబెడతారు. ఇస్త్రీ బట్టల మీద చల్లే స్ప్రే సీసాతో తుపాకి మడమ మీద, అంటే భుజానికి ఆనించే కర్ర మీద, నాలుగు తుంపర్లు కొడతారు. ఇనుము మీద పడ్డ నీళ్లను పాత బనీను ముక్కతో వెంటనే తుడిచేస్తారు. చట్టం ప్రకారం అది సేఫ్‌లో ఉండాలి, మొక్క ప్రకారం ఎండలో ఉండాలి. అందుకని ఎండలో ఉన్నంతసేపూ ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. బోల్టు ఊడదీసి జేబులో పెట్టుకుంటారు. లైసెన్సు తనిఖీకి వచ్చిన పోలీసావిడ నంబరు సరిచూసుకుని, "ఈ ఏడాది ఆకు బాగా వచ్చిందే" అని, ఒక ఐస్‌క్రీం కొనుక్కుని వెళ్లిపోయింది.

ఆ రైఫిల్‌ను ఆయన టె పుకేలో కొన్నారు, కివీపండ్ల తోట అమ్మేసుకుని వెళ్లిపోతున్న ఒక ముసలాయన దగ్గర. ఇనుము మీద ఇండియాలోని ఇషాపూర్ కార్ఖానా ముద్ర. మడమలో సగం వాల్‌నట్ కర్ర. మిగతా సగం ఏదో నాటుకర్ర. ఎవరో పల్లెటూరి వడ్రంగి రాగి మొలలు కొట్టి అతికించాడు. కొన్న ఏడాది దసరాకే ఆ నాటుకర్ర చిగురు వేసింది. సన్నగా, ఈకల్లాంటి ఆకులు, మధ్యమధ్య చిన్న ముళ్లు. జమ్మి.

తెలుగువాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. హమ్మయ్య అనుకున్నారంతే. అప్పటిదాకా ప్రతి దసరాకీ ఎవరో ఒకరు ఇండియా నుంచి వస్తూ చీరల మడతల్లో జమ్మి రెమ్మ దాచుకురావడం, ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో ఆకు వాసన పసిగట్టే కుక్క వచ్చి సూట్‌కేసు పక్కన బుద్ధిగా కూర్చోవడం, రెమ్మ చెత్తబుట్టలోకి పోవడం మామూలైపోయింది. ఇప్పుడు మనురేవా నుంచి, రోటోటూనా నుంచి కార్లేసుకుని ఆయన ఉండే టౌరంగాకి వస్తారు. ఇంటికో రెమ్మ. ఒకటికి రెండు అడిగితే శ్రీపతి గారు ఊరుకోరు.

సృజన్ పోర్టులో షిఫ్టుకి వెళ్తూ పాల కోసం డెయిరీలో ఆగుతాడు. ఆ రోజు పాలు తీసుకోకుండానే కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, మొహం అలా వేలాడేశావు?"

"ధీరజ్ బ్రిస్బేన్ వెళ్లిపోతున్నాడు అంకుల్."

"అందరూ ఆస్ట్రేలియాకే పోతున్నారు. నువ్వేటి కొత్తగా బాధపడతావు?"

"మన పోలీసు వాడే కదా! ఇప్పుడు పోలీసు వేషానికి మనిషి లేడు."

శ్రీపతి గారు స్ప్రే సీసా పక్కన పెట్టేశారు. ఇది నిజంగానే చిక్కే.

ఊరి అంచున పాత మ్యూజియం వెనక పచ్చిక బయల్లో ఏటా అక్టోబరులో వచ్చే ఇక్కడి వసంతంలో లివింగ్ హిస్టరీ వారాంతం జరుగుతుంది. పాత యుద్ధాల బట్టలు వేసుకుని, పాత ఆయుధాలు పట్టుకుని, గుడారాల్లో వండుకుని తింటూ, అప్పటి సిపాయిల బతుకు ఎలా ఉండేదో చూడవచ్చిన జనానికి చూపిస్తారు. ఒక పక్క ఎర్రకోట్ల ఇంగ్లీషు పటాలం. దానికెదురుగా పా అనే మట్టికోట కట్టుకుని మావోరీ యోధులు. ఆ పక్కన మొదటి ప్రపంచ యుద్ధం నాటి గల్లిపోలీ గుడారం. అందులో శ్రీపతి గారు తలపాగా చుట్టుకుని, అద్దెకు తెచ్చిన గాడిద చేత నీళ్లు మోయిస్తూ, కంచరగాడిదలు తోలిన ఇండియా సిపాయి అవుతారు. 

మూడేళ్ల కిందట, ఈ వారాంతాన్ని నడిపే క్లబ్బు మీటింగులో సృజన్ లేచి నిలబడ్డాడు. చరిత్ర నిర్మాతలు ప్రజలేనన్నాడు. సామ్రాజ్యాల బూట్లకు పాలిష్ పెట్టడం ఇక చాలన్నాడు. నైజాం మీద, దొరల మీద, రజాకార్ల మీద తిరగబడ్డ తెలంగాణ రైతుల మాటేమిటని బల్ల గుద్దాడు. క్లబ్బు అధ్యక్షురాలు ఓపిగ్గా అంతా విని, "మంచిది. గుడారం మాత్రం మీరే తెచ్చుకోవాలి" అంది.

గుడారం తెచ్చుకున్నారు. గొంగళ్లు, గుత్పకర్రలు, రోకలిబండ, జొన్నరొట్టెలు కాల్చే పెనం. వడిసెలలో రాళ్లకు బదులు టెన్నిస్ బంతులు పెట్టి ఇక్కడి కివీ పిల్లల చేత విసిరిస్తారు. రెండు పూటలా ఒక చిన్న ప్రదర్శన. లెవీ ధాన్యం గుంజుకోవడానికి పోలీసు వస్తాడు, ఆడవాళ్లు కారం చల్లుతారు, దళం వచ్చి అతని తుపాకి గుంజుకుంటుంది, పోలీసు మోకాళ్ల మీద కూలబడతాడు, నినాదాలు. దళ నాయకుడు ఎప్పుడూ సృజనే. ఊళ్లో తక్కిన తెలుగువాళ్లంతా దళంలో ఉంటామని ఎగబడతారు. పోలీసు వేషం అనేసరికి వాట్సాప్ గ్రూపు మూగబోతుంది. అందరికంటే చిన్నవాడైన ధీరజ్‌ను బిర్యానీ ఆశ చూపి ఒప్పించారు ఇన్నాళ్లూ.

"నేనేసేవాడినే గానీ, నాకా గాడిదను వదిలి రావడం కుదరదు కదా" అన్నారు శ్రీపతి గారు. "నువ్వే వేసెయ్యకూడదూ? లోకేశ్‌ని దళానికి నాయకుణ్ణి చెయ్."

"నేనా? పోలీసా?" సృజన్ పాల డబ్బా తీసి ఠక్కున కౌంటరు మీద పెట్టాడు. "అంకుల్, మా తాత దళంల పనిచేసిండు. ఆయన మనవడు ఆ ఖాకీ తొడుగుతాడా?"

కోపం వచ్చినప్పుడు సృజన్‌కి జనగామ దగ్గర పల్లె భాష తన్నుకొస్తుంది. శ్రీపతి గారు స్ప్రే సీసా మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. రైఫిల్‌ను ఎండ జరిగిన వైపు కొంచెం జరిపారు.

ఆ తాత గొంగట్లో కూర్చునే సృజన్ చిన్నతనమంతా గడిచింది. సాయంత్రం అరుగు మీద తాత కథ చెప్పేవాడు: పోలీసు దగ్గర్నుంచి త్రీ నాట్ త్రీ ఎలా గుంజుకున్నదీ, గుట్టల్లో ఎలా తిరిగిందీ, పోరాటం ఆపేశారని కబురు వచ్చిన రోజు తుపాకిని ఇచ్చెయ్యడానికి మనసొప్పక, పాండవుల్లాగే, గొంగట్లో చుట్టి ఊరవతలి జమ్మిచెట్టు మీద ఎలా దాచిందీ. అక్కడితో తాత కథ ఆగిపోయేది. "తర్వాత?" అంటే, "చెట్టుకే తెలువాలె" అనేవాడు.

తర్వాతేమైందో తాత చనిపోయిన రోజు తెలిసింది. శవం మీద ఎర్రగుడ్డ కప్పుతుంటే ఊళ్లో ఎవరో అన్నారు, "తుపాకి స్టేషన్ల అప్పజెప్పి కొలువు తెచ్చుకున్న కొడుకే కొరివి వెడుతున్నడు" అని. సృజన్ తండ్రి వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. రాజమల్లు, అప్పటికి హెడ్ కానిస్టేబులుగా రిటైరై ఏడాదైన మనిషి, "అవు" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట మీద ఆరేళ్లు గడిచిపోయాయి. చదువుకని ఇక్కడికొచ్చిన సృజన్ మళ్లీ ఆ మనిషితో మాట్లాడలేదు.

ఇప్పుడా మనిషి రెండు నెలలుగా గంటన్నర దూరంలో ఉన్నాడు. హామిల్టన్‌లో, రోటోటూనాలో, అక్క అక్షయ ఇంట్లో. వచ్చే బుధవారం తిరుగు ప్రయాణం. సృజన్ ఒక్కసారీ అటు వెళ్లలేదు.

ఆ సాయంత్రమే అక్షయ ఫోన్ చేసింది.

"శనివారం మేమందరం మీ షోకి వస్తున్నం."

"రండి. మీ బాపుని మాత్రం ఇంటికాడ ఉంచుండ్రి."

"నా బాపేనా? మరి నీకెవలు?"

సృజన్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఇగో, సక్కగ ఇను. గ్రూపుల మెసేజ్ పెట్టినవ్ కదా, పోలీసు వేషానికి మనిషి కావాలె అని. బాపుకి చదివి వినిపించిన. నేనేస్త అన్నడు."

"ఏంది?"

"ఖాకీ కొలతలు గూడ చెప్పిండు."

"అక్కా, పరాచకాలాడుతున్నవా? ఆయనకది వేషమా? బతుకంతా వేసిందదే కదా! ఎవరి మీద తాత తుపాకెత్తిండో వాళ్ల తుపాకి మోసిండు!"

"అరువకు. నీ ఉపన్యాసాలు నాకెరుకే. ఇంకెవలన్న ఉంటే చెప్పు, వద్దంట. ఉన్నరా?"

లేరు. అదే కదా అసలు చిక్కు.

"బుధవారం పోతడు తమ్మీ" అంది అక్షయ, ఈసారి మెల్లగా. "మళ్లీ ఇంత దూరం రాను అంటున్నడు. విమానంల మోకాళ్లు పట్టేసినయంట. ఇగ నీ ఇష్టం."

మర్నాడు పోర్టులో భోజనాల వేళ సృజన్ తన గోడంతా హేమీ దగ్గర వెళ్లబోసుకున్నాడు. హేమీ క్రేన్ నడుపుతాడు. వారాంతంలో పా లోపలి మావోరీ యోధుడు. చేపముక్క నములుతూ అంతా విన్నాడు.

"నువ్వు ఎర్రకోటు ఎప్పుడైనా వేశావా?" అని అడిగాడు సృజన్, వెయ్యలేదనే జవాబు కోసం.

"ప్రతి ఏడాదీ వేస్తా కదా బ్రో. పొద్దున పా లోపల, మధ్యాహ్నం ఎర్రకోట్ల వైపు. నువ్వెప్పుడూ చూళ్లేదా? ఆ టైముకి నువ్వు నినాదాల్లో ఉంటావులే."

"ఎందుకు? మీ నేల గుంజుకున్నవాళ్లు కదా!"

"మా పెద్దోళ్లు ఇద్దరన్నదమ్ములు. ఒకడు గోడ లోపల పోరాడాడు, ఒకడు అటు వైపు నడిచాడు. నేను ఇద్దరికీ మనవణ్ణే అవుతాను." హేమీ చేతులు తుడుచుకున్నాడు. "మొదటిసారి ఎర్రకోటు వేసినప్పుడు రెండ్రోజులు అన్నం సయించలేదు. కానీ ఎవడో ఒకడు అటు నిలబడకపోతే ఇటు నిలబడ్డవాడి కథ ఎవరికి అర్థమవుతుంది?"

ఇది రాజీ మాట, లొంగుబాటు మాట అనుకున్నాడు సృజన్. పైకి అనబోయి, హేమీ మొహం చూసి, డబ్బా మూత పెట్టేశాడు.

శనివారం ధ్రువం వైపు నుంచి వచ్చే దక్షిణపు గాలి కోస్తోంది. ఎండ మాత్రం ఉంది. సాసేజీలు కాలుతున్న పొగ, తడి కాన్వాస్ వాసన, దూరంగా ఎర్రకోట్ల డప్పు. గల్లిపోలీ గుడారం ముందు గాడిద ఎవరి టోపీనో నములుతోంది. శ్రీపతి గారు రైఫిల్‌ను ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద ఉంచి, పసుపు, కుంకుమ పెట్టి, పక్కనే కాపలా కూర్చున్నారు. మడమ మీద రెమ్మలు వేలెడంత పొడవున్నాయి. ప్రదర్శన అయ్యాక పంచుతానని అందరికీ ముందే చెప్పేశారు.

రాజమల్లు కారు దిగి నేరుగా ఆ బల్ల దగ్గరికే వచ్చాడు. సన్నబడ్డాడు. జుట్టు తెల్లబడింది గానీ మీసం మాత్రం ఇంకా నల్లగా పొగరుగా ఉంది. రంగు వేస్తాడని సృజన్‌కి తెలుసు.

"నమస్కారమండీ, నా పేరు శ్రీపతి. మీ అబ్బాయి మా క్లబ్బుకి పెద్ద తలకాయ."

"తలకాయ పెద్దదే సార్. నాకెరుక."

శ్రీపతి గారు పకపకా నవ్వారు. "ఎయిర్‌పోర్టులో జమ్మి తెచ్చి దొరికిపోయారటగా?"

"మనవరాలి కోసమని అంగీ జేబుల పెట్టుకొస్తి. కుక్క వచ్చి ఎదురుంగ గూసున్నది, మా పాత ఎస్సై చూసినట్టు చూసింది. ఇచ్చేసిన." రాజమల్లు వంగి ఒక ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. తర్వాత బొటనవేలితో మడమ మీది రాగి మొలలను ఒకదాని తర్వాత ఒకటి తడిమాడు, పాత మిత్రుడి భుజం తడిమినట్టు.

"పట్టుకుని చూడండి" అన్నారు శ్రీపతి గారు.

"ఇప్పుడొద్దు సార్. ముప్పై ఏండ్లు మోసిన గిసొంటిదాన్ని. ఆటల పట్టుకోవాలె కదా, అప్పుడు పట్టుకుంట."

దళం గుడారం వెనక బట్టలు మార్చుకునే చోట తండ్రీకొడుకులు ఇద్దరే మిగిలారు. అక్షయ కావాలనే చేసిన ఏర్పాటది. రాజమల్లు బల్ల మీద కూర్చుని కాళ్లకు ఖాకీ పట్టీలు చుట్టుకుంటున్నాడు. సృజన్ భుజాన గొంగడి వేసుకుని, దాని కుచ్చు సర్దుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఆరేళ్లు కూడబెట్టిన మాటలు గొంతు దాకా వచ్చి ఉన్నాయి.

"స్క్రిప్టు తెలుసు కదా?" అన్నాడు చివరికి.

"అక్క చెప్పింది. నువ్వు తుపాకి గుంజుకుంటవు, నేను మోకాళ్ల మీద కూలబడత."

"అవు. తాత గుంజుకున్నట్టే."

రాజమల్లు పట్టీ ముడి వేశాడు. "మంచిగ గుంజుకో."

ఆ నిదానం సృజన్‌కి నిప్పంటించింది. "నీకు సిగ్గనిపిస్తలేదా? ఆయన ప్రాణం లెక్కచెయ్యకుంట తెచ్చిన తుపాకిని చెట్టు మీదికెల్లి దించి, స్టేషన్ల అప్పజెప్పి, దాని మీద బతుకు కట్టుకున్నవు. ఇప్పుడొచ్చి నవ్వుకుంట వేషం కడుతున్నవు!"

"నేను దించిన్నని ఊరు జెప్పింది. దించుమన్నది ఎవలో జెప్పిందా?"

"ఎవలు?"

"మీ తాతే. నిచ్చెన పట్టుకున్నది గూడ ఆయనే."

బయట ఎర్రకోట్ల డప్పు ఆగింది. ఎవరో మైకు సరిచూస్తున్నారు.

"కరువు పడ్డది" అన్నాడు రాజమల్లు, రెండో పట్టీ చుట్టుకుంటూ. "ఇంట్ల గింజ లేదు. ఒకనాడు పొద్దుగాల నన్ను లేపి చెట్టు దగ్గరికి తీస్కపోయిండు. దించు బిడ్డా, స్టేషన్ల ఇచ్చి కొలువడుగు, కలెక్టరాఫీసుల చెప్పి పెట్టిన అన్నడు. చెట్టెక్కినంక జూస్తే, ఇన్నేండ్లకు జమ్మి ఆ తుపాకిని మింగింది. మడమ కొమ్మల కలిసిపోయింది. నాకు వయసు పొగరు, గట్టిగ గుంజిన. ఫట్టుమని ఇరిగింది. సగం మడమ చెట్టుకు పోయింది, సగం కొమ్మ తుపాకికొచ్చింది. వడ్లాయన దాన్నే చెక్కి, రాగి మొలలు గొట్టిచ్చిండు."

"తాత అట్ల చెప్పడు" అన్నాడు సృజన్. "తాత చచ్చినా అట్ల చెప్పడు."

"నీకు కథలు జెప్పిన తాత చెప్పడు. నాకు అన్నం పెట్టాల్సిన తాత చెప్పిండు. ఇద్దరూ ఆయనే."

"మరి నాకెందుకు చెప్పలే? ఆ రోజు అడిగిన కదా?"

"నువ్వు అడగలే బిడ్డా. తీర్పు జెప్పినవ్." రాజమల్లు లేచి ఖాకీ టోపీ పెట్టుకున్నాడు. "పాడె మీదున్న మనిషి పేరు తియ్యాల్నా, ఊరందరి ముంగట? పో, పిలుస్తున్నరు."

ఒక చేత గాడిద పగ్గం పట్టుకుని శ్రీపతి గారు మైకులో, ఇంగ్లీషులో, తెలంగాణ అనే చోటు ఎక్కడుందో చెబుతున్నారు. తాళ్ల అవతల జనం. పిల్లలను భుజాల మీద ఎక్కించుకున్న నాన్నలు. ముందు వరుసలో సగం ఎర్రకోటు తొడుక్కున్న హేమీ.

ప్రదర్శన మామూలుగానే మొదలైంది. ధాన్యం బస్తా ముందు రైతు ఇల్లాలి వేషంలో కావ్యశ్రీ రోకలి పట్టుకుని నిలబడింది. రాజమల్లు రైఫిల్ భుజాన వేసుకుని వచ్చాడు. ధీరజ్ లాగా మీసం మెలేసి గుడ్లురమలేదు. ఎండలో చాలా దూరం నడిచొచ్చిన మనిషిలా, పై నుంచి చెబితే వచ్చిన మనిషిలా వచ్చాడు. బస్తా వైపు చెయ్యి చాపాడు. కావ్యశ్రీ తిట్లందుకుంది, ఎర్ర చాక్‌పీసు పొడి చల్లింది. జనం ఈలలు. అప్పుడు దళం పరుగున వచ్చింది. ముందు సృజన్.

ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో మడమ పట్టుకుని గుంజాడు. ప్రతి ఏడాదీ ఒక్క గుంజుకే వచ్చే తుపాకి.

రాలేదు.

చూస్తే, పొద్దున వేలెడున్న రెమ్మలు బారెడు సాగాయి. తండ్రి ముంజేతి చుట్టూ చుట్టుకున్నాయి. ఒక రెమ్మ ఖాకీ చొక్కా గుండీ కన్నంలోంచి దూరి పైకి వచ్చింది. బిగించి పట్టుకోలేదు, గుమ్మడితీగ పందిరి కర్రను పట్టుకున్నట్టు పట్టుకుంది. సృజన్ మళ్లీ గుంజబోయాడు.

"గుంజకు" అన్నాడు రాజమల్లు, పెదవులు కదిలీ కదలకుండా. "ఇరుగుతది. ఒకపారి గుంజితేనే ఇరిగింది. నిమ్మళంగ తెంపు."

దళమంతా నినాదం ఇవ్వడానికి పిడికిళ్లు ఎత్తి అలాగే ఉండిపోయింది. శ్రీపతి గారు మైకులో ఒకసారి దగ్గి ఊరుకున్నారు. సృజన్ ఆకులు తెంపడం మొదలుపెట్టాడు.

ఒక్కొక్కటే. ముల్లు గుచ్చుకోకుండా, తండ్రి చర్మం గీసుకుపోకుండా. ఆ ముంజేతిని ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయింది? గడియారం పట్టీ కింద ఎండ తగలని తెల్లటి గీత అలాగే ఉంది. నరాలు పైకి తేలాయి. పండగ నాడు పోలీసువాళ్లకు సెలవుండేది కాదు. ఊరంతా జమ్మి పంచుకుంటుంటే ఈ మనిషి జిల్లా మైదానంలో బందోబస్తుకు నిలబడి, పొద్దుగూకాక సైకిలు మీద వచ్చేవాడు. సృజన్ గడప మీద కాచుకుని ఉండేవాడు. సైకిలు స్టాండు వెయ్యకముందే ఆయన టోపీ తీసి చూపేవాడు. టోపీ లోపల చెమటకు తడిసిన జమ్మి రెమ్మ. దాన్ని కొడుకు చేతికిచ్చి, మళ్లీ కొడుకు చేతి నుంచి తానే తీసుకోవడానికి, ఖాకీ బట్టల్లోనే దుమ్ములో గొంతుక్కూర్చునేవాడు. తర్వాత ఎత్తుకునేవాడు. తోలు బెల్టు వాసన, చెమట వాసన, జమ్మి వాసన. ఇదంతా సృజన్ మర్చిపోలేదు. తీసి పక్కన పెట్టేశాడంతే, ఒక చోట తాత, ఒక చోట పోలీసు అని ప్రపంచాన్ని సర్దుకునేటప్పుడు.

చివరి ఆకు తెగింది. రెమ్మ గుండీ కన్నంలోంచి జారి, గుండీని కూడా వెంట తీసుకుపోయింది. రాజమల్లు చెయ్యి వదిలాడు. తుపాకి బరువు లేనట్టు సృజన్ చేతిలోకి వచ్చింది.

ఇప్పుడు నినాదం ఇవ్వాలి. లోకేశ్ వెనక నుంచి "అన్నా, స్లోగన్" అని గుసగుసలాడాడు. రాజమల్లు, స్క్రిప్టులో ఉన్న ప్రకారం, పట్టేసిన మోకాళ్లను వంచబోతున్నాడు.

సృజన్ పిడికిలి విప్పి చూసుకున్నాడు. అరచేతి నిండా జమ్మి. ఎదురుగా కన్నతండ్రి.

పుస్తకాలు ఆ సమయానికి ఏం చెయ్యాలో చెప్పవు. ఒంటికి తెలుసు. అతను తుపాకిని లోకేశ్ చేతికిచ్చి, మోకాళ్లు నేలకు ఆననీయకుండా తండ్రి మోచెయ్యి పట్టుకుని ఆపి, ఆ చేతిలో జమ్మి పెట్టాడు.

"బంగారం తీస్కో బాపూ."

పెట్టి వంగి, ఖాకీ పట్టీలు చుట్టిన ఆ కాళ్లకు మొక్కాడు. రాజమల్లు జమ్మిని కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత కొడుకు భుజాల మీది గొంగడి పట్టుకుని లేపి, "సల్లగుండు బిడ్డా" అన్నాడు. ఆ నల్లటి మీసం వణికింది.

ఆ తర్వాత తాళ్లవతల చప్పట్లు, గాడిద ఓండ్రపెట్టినా వినపడనంత చప్పట్లు. శ్రీపతి గారు మైకు దగ్గరికి తీసుకుని, ముక్కు ఎగబీల్చి, చరిత్రలో ఇలా జరిగినట్టు ఆధారాలేమీ లేవని, అయినా చూసినందుకు ధన్యవాదాలని ప్రకటించారు. హేమీ ఎర్రకోటు రెండో చెయ్యి కూడా తొడుక్కుని తన పటాలం వైపు వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా జమ్మి పంచారు. జనం బారులు తీరారు. రెమ్మలు మళ్లీ వేలెడంతకు వచ్చేశాయి. అయినా అందరికీ సరిపోయాయి. రాజమల్లు తన వంతు రెమ్మను జేబులో పెట్టుకుంటూ, "ఇక్కడికెల్లి తీస్కపోతే గూడ కుక్క గూసుంటదా?" అని అడిగాడు.

"పొయ్యేటప్పుడు అడగరు బాపూ" అన్నాడు సృజన్. తర్వాత అక్షయ వైపు తిరిగి, "బుధవారం ఆక్లండ్‌కి నేను డ్రైవ్ చేస్త" అన్నాడు. అక్షయ సరేనని తలూపి, కళ్లు తుడుచుకోవడానికి కారు డిక్కీ సర్దే పని పెట్టుకుంది.

రాజమల్లు ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. బనీను మీద నిలబడ్డ మనిషిని దక్షిణపు గాలి వణికించింది. సృజన్ తన భుజాల మీది గొంగడి తీసి ఆయనకు కప్పాడు. గొంగట్లో ఆయన అచ్చం అరుగు మీది తాతలా ఉన్నాడు. ఇంతకు ముందెప్పుడూ ఆ పోలిక సృజన్‌కి కనబడలేదు.

గుడారం తాళ్లు విప్పుతున్న చోట శ్రీపతి గారు నడుం మీద చేతులు పెట్టుకుని అందరినీ కలయజూశారు.

"అంతా బాగానే ఉంది గానీ, ఈయన బుధవారం వెళ్లిపోతున్నారు. వచ్చే ఏడాది పోలీసు ఎవరు బాబూ?"

లోకేశ్‌కి ఉన్నట్టుండి మేకు పీకడంలో పని తగిలింది. కావ్యశ్రీ ఫోన్ తీసింది. తక్కిన దళం ఎప్పట్లాగే ఆకాశం చూసింది.

సృజన్ పెట్టె తెరిచాడు. ఖాకీ చొక్కా ఇంకా వెచ్చగా ఉంది. తొడుక్కున్నాడు. పైనుంచి రెండో గుండీ లేదు. టోపీ తీసి తల మీద పెట్టుకున్నాడు.

రాజమల్లు గొంగడి చెంగు పైకి ఎగదోసుకుంటూ దగ్గరికి వచ్చి, కొడుకును ఆపాదమస్తకం చూశాడు.

"టోపీ గట్ల గాదు" అని రెండు చేతులతో సర్దాడు. "గిట్ల."